శెనగచేలో దిగిన మిడత

11 ఫిబ్రవరి 2025, మంగళవారం

ఈ ఇంట్లో సబ్బు అయిపోవడం అంటూ ఉండదు. అరిగి అరిగి గోరంతయిన పాత ముక్కను మా కోడలు శివపార్వతి కొత్త సబ్బు నడుముకి అతికిస్తుంది. కొత్తది పచ్చరంగు, పాతది గులాబీ. పొద్దున వీపు రుద్దుకుంటుంటే ఆ ముక్క ఊడి తూములోకి జారింది. చప్పుడెలా విన్నదో మరి, బయటినుంచి అరిచింది: "మామా, ముక్క పోనిస్తివా?" డెబ్బై మూడేళ్ళ మనిషిని, స్నానానికి పోయి సబ్బు ముక్కకి కాపలా కాయాలా? రెండు రంగుల సబ్బుతో రుద్దుకుంటే ఒళ్ళేమైనా ఎక్కువ తెల్లబడుతుందా? అడిగాను. ఈ మధ్య ఈ ఇంట్లో ఎవరూ జవాబివ్వడం లేదు.

రాద్దామనుకున్నది ఇది కాదు. ఎరువుల అంగడివాళ్ళు ఎప్పుడో ఇచ్చిన డైరీ బీరువా మీద పడి ఉంటే దించాను. అందులో వారాలు కలవవు, తేదీలు నేనే వేసుకుంటున్నాను. ఐదో తరగతి చదువు. వంకరగా ఉంటే ఉంటుంది, చదివేది నేనే కదా.

మొన్న ఆదివారం పొద్దున ఏడుంబావుకి మా మనవరాలు శివజ్యోతి విమానం నేల వదిలి పైకి లేచింది. లేచిన కాసేపటికే ఇంజిను ఆగిపోయింది. పిల్ల బతికింది. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. విమానం శెనగ కోసిన చేలో ముక్కు గుచ్చుకుని పడింది.

ఇంతే. ఇంకేం రాయబుద్ధి కావడం లేదు.

12 ఫిబ్రవరి

పేపర్లో వేశారు. జిల్లా పేజీలో, పెళ్ళి పత్రిక సైజులో. 'కూలిన గుడ్డ విమానం'.

గుడ్డ విమానమట! రాసినవాడు ఎప్పుడన్నా దాన్ని తాకి చూశాడా? మా కొడుకు లారీ బాడీలు కట్టే షెడ్డులో ఒక మూల, నాలుగేళ్ళు కూర్చుని కట్టింది ఆ పిల్ల. లోపలంతా అల్యూమినియం గొట్టాలు. ఒక్కో రివెట్టు తన చేత్తో కొట్టింది. మా వాడు ఉమామహేశ్వర, ఇంట్లో మహేశు అంటాం, లారీ బాడీలు కట్టడంలో మొనగాడే, కానీ ఇంచు అటు ఇటు అయితే సుత్తితో సర్దేస్తాడు. ఆమె అట్లా కాదు, వెంట్రుకంత తేడా వచ్చినా ఊడదీసి మళ్ళీ మొదలు. తండ్రిని నేను 'బాడీ సారు' అంటాను, కూతుర్ని 'వెంట్రుకమ్మ' అంటాను. విమానాన్ని 'మిడత' అంటాను. అది మిడతలాగే ఉంటుంది, కాళ్ళు పొడుగు, నడుము సన్నం.

రెక్కల మీద మాత్రం గుడ్డే. నిజమే. అది నేను కుట్టాను. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చున్నవాణ్ణి, నా ముడి గురించి ఎవడో పేపరువాడు చెప్పాలా? లోపలి బద్దకి పైగుడ్డని కట్టుకుంటూ రావాలి, రెండంగుళాలకొక ముడి. వెయ్యి దాటాయి. తర్వాత గంజి పెట్టినట్టు మందు పూశాం, ఆరాక డప్పులా మోగింది. నిన్న చేలోకి పోయి చూసి వచ్చాను. ఎడమ రెక్క విరిగింది, బద్దలు విరిగాయి. ముడి జారలేదు. ఒక్కటీ జారలేదు.

ఇంకొకటి. కూలలేదు, దిగింది. కూలితే పిల్ల ఉండేదా?

13 ఫిబ్రవరి

టీ అంగడి దగ్గర ఉరుకుందప్ప. ముప్పై ఏళ్ళు లారీ తోలాడు కాబట్టి చక్రాలున్న ప్రతిదానికీ తానే డాక్టరని వాడి నమ్మకం. పదిమంది ముందర మొదలుపెట్టాడు.

"ఏమప్పా గిడ్డయ్యా, రన్‌వే ఎనకాలనే ఉండె గదా. స్టీరింగు పట్టుకోని అట్ల ఒక చుట్టు తిప్పుకోని వచ్చింటే సరిపోతాండె. ఆడపిల్ల, బయపడింటాది పాపం."

"నువ్వు రివర్సు తీస్తా ఎర్రగుంట్ల రైలుగేటు గుద్దినోనివి. ఎనక్కి తిప్పేదాని గురించి నీకు శానా తెలుసులే."

"అది బ్రేకు ఫెయిలప్పా!"

"ఇదీ ఇంజిను ఫెయిలే. నీదైతే బ్రేకుది తప్పు, మా పిల్లదైతే పిల్లది తప్పు. న్యాయంగా ఉండాది."

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. నేను టీ సగం వదిలేసి వచ్చాను. నాకు నవ్వు రాలేదు. ఊరు ఊరంతా ఇదే మాట. క్షౌరం అంగడిలో ఇదే, పెట్రోలు బంకు దగ్గర ఇదే. 'ఎనక్కి తిప్పింటే.' సైకిలు మీద నుంచి పడినవాడు కూడా చెబుతున్నాడు ఎనక్కి తిప్పాల్సిందని.

14 ఫిబ్రవరి

పిల్ల నాతో మాట్లాడడం లేదు. ఆదివారం ఆస్పత్రిలో కట్టు కడుతుంటే నేను కూడా అదే అడిగాను, ఎనక్కి తిప్పొచ్చు కదా అని.

16 ఫిబ్రవరి

ఈరోజు మాట్లాడింది. నేనే పోయి మంచం పక్కన కూర్చుని, "అమ్మీ, నాకు తెలీదు, చెప్పు" అన్నాను. ఎడమ చెయ్యి మెడకి వేలాడేసి ఉంది. కుడి చేత్తో కంచం తీసి, విమానంలా పట్టి చూపించింది.

"ఇంజిను ఉంటే ఎక్కతాది జేజినాయనా. లేకుంటే జారతాది, అంతే. జారేటప్పుడు తిప్పినావనుకో, ఇంకా బిరిన జారతాది." కంచాన్ని పక్కకి వంచి గిరుక్కున మంచం కోడు దాకా దించింది. "నేనుండేది రెండు వందల అడుగుల ఎత్తులో. రన్‌వే దిక్కు తిప్పేకి అది చాలదు. సగం తిరిగేలోపలే రెక్క నేలకి కొట్టుకుంటాది."

"మరి ఏం చేయల్ల?"

"ముక్కు కిందికి వంచల్ల. ఎదురుగా ఏముంటే దాంట్లో దిగల్ల. వంచేకి మనసు రాదు జేజినాయనా, నేల మీదికొస్తా ఉంటాది. చేయి దానంతట అదే స్టిక్కుని ఎనక్కి గుంజతాది. గుంజి ముక్కు ఎత్తినామంటే, గాలి పట్టు పోయి చచ్చినట్టే."

"నువ్వు వంచినావు."

"వంచినా."

అదీ సంగతి. ఆ పిల్ల ఇంజిను ఆగిన చోట, నేల ఎదురొస్తుంటే, ముక్కు కిందికి వంచింది. ఇది తెలిసినవాడు ఈ మైదుకూరులో ఒక్కడు లేడు. కానీ అందరికీ నోళ్ళున్నాయి.

దిగడం కూడా బాగానే దిగిందట, నల్లరేగడి మెత్తన కాబట్టి చివర్లో ముందు చక్రం దిగబడి ముక్కు గుచ్చుకుంది. చేను ఆసామి నీళ్ళు తాగించి, నాగలి పనికి వచ్చిన ట్రాక్టరులోనే ఆస్పత్రికి తెచ్చాడు. అందరిలోకీ ఆయనొక్కడే ఎనక్కి తిప్పాల్సిందని అనలేదు.

ఎల్లుండి ఆఫీసరు వస్తాడట. విమానాలకు కాగితాలిచ్చే ఆఫీసు నుంచి. ఎందుకు ఆగిందో చూసి రాస్తాడు. తప్పు సామానుదైతే బాగుచేసుకుని మళ్ళీ ఎగరొచ్చు. తప్పు పిల్లదైతే ఎగరడానికి ఇచ్చిన కాగితం వెనక్కి లాక్కుంటారు. ఆ కాగితం కోసం మూడేళ్ళు ఊరు కాని ఊర్లో పరీక్షలు రాసింది. పోతే మళ్ళీ వస్తుందో రాదో.

18 ఫిబ్రవరి

ఆఫీసరు పేరు భూపేష్. మా పిల్లకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడుంటాడు. మీసం లేదు. మా షెడ్డులో మిడతని లారీ మీది నుంచి దించి పెట్టాం కదా, దాని చుట్టూ మూడు గంటలు తిరిగాడు. ఇంజినుని బయటి డబ్బా పెట్రోలుతో ఆడించి చూశాడు. బ్రహ్మాండంగా ఆడింది. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండింది. అంత బాగా ఆడేదానివి ఆరోజు ఏం రోగం?

తర్వాత సీటు వెనక ట్యాంకు మూత ఊడదీశాడు. మూత నడిమధ్యలో ఒక బెజ్జం ఉంటుంది, కందిగింజ కూడా దూరనంతది. దానికి నోరు పెట్టి ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, గాలి పోలేదు. "సారూ, తిరణాల్లో బూర కొనుక్కున్నట్టుండాది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. తెల్లకాగితం పరిచి, మూత బోర్లించి, పిన్నుతో పొడిచాడు. పసుపు పసుపుగా, ఎర్రెర్రగా పొడి రాలింది. వాసన చూశాడు.

"గంధమండీ ఇది. కుంకుమ కూడా ఉంది. పూజ చేశారా?"

చేశాం. చెయ్యమా? మిడత అంతకుముందు ఆరుసార్లు ఎగిరింది, ఆరుసార్లూ తండ్రీ కూతుళ్ళే పోయారు. ఏడోసారి చూడ్డానికి ఇంటిల్లిపాదీ పోయాం. ఎర్రగుంట్ల అవతల మూతబడిన ఫ్యాక్టరీది పాత రన్‌వే ఒకటుంది, అక్కడికి. మా ఆవిడ సుబ్బలక్ష్మమ్మ కొత్త బండిని బొట్టు లేకుండా రోడ్డెక్కనివ్వదు, ఇది మబ్బుల్లోకి పోయేది. ముక్కుకి బొట్టు, చక్రాలకి బొట్టు, రెక్కలకి బొట్టు, తోకకి బొట్టు, టెంకాయ, నిమ్మకాయలు. మనదగ్గర లారీ అయినా లోడింగు ఆటో అయినా అంతే.

ఆఫీసరు చెప్పింది ఇది: పెట్రోలు దిగేకొద్దీ ఆ బెజ్జంలోంచి ట్యాంకులోకి గాలి పోవాలి. పోకపోతే పెట్రోలు దిగదు. కాసేపు నడిచి ఆగిపోతుంది. నూనె డబ్బాకి రెండు బెజ్జాలు పొడవడం ఏ ఇంట్లో తెలియదు? నాకు తెలుసు. విమానానికి కూడా అదే సంగతని నాకెవరు చెప్పారు? నాలుగేళ్ళలో ఒక్కరు చెప్పలేదు. వెయ్యి ముడులు వేయించుకున్నారు, ఆ ఒక్క ముక్క చెప్పలేదు.

పూజ అయ్యే టైములో నేను జీపులో కూర్చుని బీడీకట్ట వెతుక్కుంటున్నాను.

19 ఫిబ్రవరి

ఎవరికి ఎవరు దొరికితే వాళ్ళని అంటున్నారు.

మహేశు వాళ్ళమ్మని అన్నాడు. "అమ్మా, ఆ బొట్లు ఎంత పని చేసినాయో చూస్తివా?" అన్నాడు, అంతే అన్నాడు. కానీ అన్నాడు. నేను లేచి గదమాయించాను. "రేయ్ బాడీ సారూ, నీ మొదటి లారీకి గుమ్మడికాయ కొట్టింది ఆ చెయ్యే. అప్పుడు తీపిగా ఉండె, ఇప్పుడు చేదాయెనా?" నా గొంతుకి షెడ్డులో వెల్డింగు చేసేవాళ్ళు పని ఆపి చూశారు. పెళ్ళాం తరఫున ఇంతగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ మాత్రం నా వంక చూడలేదు. లోపలికి పోయి గంధం సాన తీసుకుని అటక మీద పెట్టింది.

పిల్ల మాట వేరే. ఆమె ఏమంటుందంటే, జేజి బొట్లు పెట్టిన తర్వాతే తాను మొత్తం చూసుకున్నానంటుంది. అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం ఒకటుంటుంది ఆమెకి, పైనుంచి కింద దాకా ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టాలి. బెజ్జానికి కూడా ఒక వరస ఉంది. "జేజి పెట్టినవన్నీ తుడిచినా సార్. పిన్నీసుతో బెజ్జం పొడిచి చూసినా. తెరుచుకోనే ఉండె."

ఆఫీసరు మర్యాదగానే అన్నాడు, "టిక్కు ఉందమ్మా. కానీ బెజ్జం మూసుకుపోయి ఉంది కదా. రెండూ ఒకేసారి నిజం కాలేవు."

మీసం లేనివాడికి ఎంత ధైర్యం. ఆ పిల్ల పుట్టాక అబద్ధమాడగా నేను చూడలేదు. చిన్నప్పుడు నేను దొంగతనంగా బెల్లం పెడితే తిని, పోయి వాళ్ళమ్మకి చెప్పేసి వచ్చేది. నాతో సహా తిట్లు తినిపించేది.

20 ఫిబ్రవరి

ఎవరైనా చూశారా అని అడుగుతున్నారు. నేను జీపు పక్కన నిలబడి ఉన్నాను, అటు తిరిగి.

22 ఫిబ్రవరి

ఉరుకుందప్ప ఇంటికి వచ్చాడు, పరామర్శట. పళ్ళు తెచ్చాడు. సపోటాలు, అన్నీ గట్టివి. "పోనీలే గిడ్డయ్యా, పిల్ల చూసుకోలేదు, వయసు గదా, మర్చిపోయింటాది. మా లారీల్లో గూడా డీజిలు మూత మర్చిపోతాము" అన్నాడు.

"మర్చిపోలేదు."

"నువ్వు చూస్తివా ఏంది?"

"నేను మూత్రానికి పోయింటి."

"అట్లైతే నీకేం తెలుసప్పా?"

వాడు పోయాక ఆ సపోటాలన్నీ ఎత్తి బియ్యం డబ్బాలో పారేశాను. ముగ్గితే ముగ్గుతాయి, లేకుంటే పోతాయి. వాడి ముఖంలాగా.

24 ఫిబ్రవరి

ఈరోజు ఇంట్లో యుద్ధం.

ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. 'పైలట్ ఎగిరే ముందు తనిఖీ సరిగ్గా చేయలేదు' అని రాసి ఉంది, ఒప్పుకుంటే సంతకం పెట్టాలి. ఒప్పుకుంటే ఎగిరే కాగితం ఒక ఏడాది పోతుంది. ఒప్పుకోకుండా పోట్లాడితే పూర్తిగా పోవచ్చట. శుక్రవారం ఆఫీసరు వచ్చి తీసుకుంటాడు.

మహేశు: "పెట్టేయ్ జ్యోతీ. ఏడాదే గదా. చెయ్యి నయమయ్యేకే ఆర్నెల్లు పడతాది."

పిల్ల: "నేను చూసినా నాయనా."

మహేశు: "చూసింటే ఎట్ల మూసుకుంటాది? దాని అంతట అది బొట్టు పెట్టుకున్యాదా?"

అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. చేతికి పిండి ఉంది. "నా పేరు రాయమనండి" అంది. "నేనే పెట్టినా. ఈ పిల్ల చూసినాంక మళ్ళా పెట్టినానేమో. ముసిల్దాన్ని, నాకు గ్యాపకం లేదు. నా పేరు రాయమనండి, పిల్లని ఇడిసిపెట్టమనండి."

"జేజీ, నువ్వు పెట్టలేదు. నువ్వు అప్పటికే జీపెక్కినావు, నేను చూసినా" అంది పిల్ల.

"మరి ఎవరు పెట్టిరే?" అంటూ మా ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. "నా చేత్తో నేనే సంపుకుంటాంటి గదే నిన్ను."

నాకు తిక్క రేగింది. ఏడుపులు ఆపమని అరిచాను. ముసలిదాన్ని అనుమానించినందుకు మహేశుని తిట్టాను, అంత చిన్న బెజ్జం పెట్టినందుకు ఆ మూత చేసినవాణ్ణి తిట్టాను. బెజ్జం చుట్టూ 'ముట్టుకోవద్దు' అని ఎర్రరంగుతో రాయాలా వద్దా? కరెంటు డబ్బా మీద పుర్రె బొమ్మ వేస్తారు, మనుషుల్ని మోసే ట్యాంకు మూత మీద ఏమీ వెయ్యరు. ఎవరైనా ముట్టుకుంటారు. ఎవరికైనా చెయ్యి పోతుంది. దీన్నడిగేవాడు లేడు.

అందరూ నా వంక వింతగా చూశారు. నేను బయటికి పోయాను.

26 ఫిబ్రవరి, శివరాత్రి

ఇల్లంతా ఒక్కపొద్దు. నేను చాటుగా రెండు అరటిపళ్ళు తిన్నాను. ప్రతి ఏడూ మా ఆవిడ కనిపెట్టి తిడుతుంది. ఈసారి తొక్కలు కనబడేట్టుగానే పెట్టాను. చూసింది, ఏమీ అనలేదు.

27 ఫిబ్రవరి

ఇది రాయకుండా ఉండలేను.

మధ్యాహ్నం షెడ్డుకి పోయాను. పిల్ల ఒక్కతే మిడత పక్కన స్టూలేసుకుని కూర్చుని ఉంది. చేతిలో ఆ టిక్కుల కాగితం. నేను పోయి విరిగిన రెక్క మీద నా ముడులు వేలితో తట్టాను. "మీ నాయన బాడీలు ఇట్ల ఉండింటే ఈపాటికి అమెరికాకి కూడా అమ్మింటాడు" అన్నాను. నవ్వలేదు.

"జేజినాయనా, రేపు సంతకం పెడతా."

"ఎందుకు? నువ్వు చూసినావు గదా?"

"చూసినాననుకుంటాండానేమో." కాగితం వైపే చూస్తూ అంది. "ముందర ఆరుసార్లు చూసినా గదా. పొడిచినా, ఊదినా, టిక్కు పెట్టినా. ఆ ఆరింట్లో ఒకటి మనసులో ఉండిపోయి, ఏడోది గూడా చూసినట్ల అనిపిస్తాందేమో. పదినాళ్ళ నుంచి కండ్లు మూసుకోని చూస్తాండా. పిన్నీసు కనపడతాది. చెయ్యి కనపడతాది. అది ఆ ఆదివారమా, అంతకు ముందు ఆదివారమా, తెలీడంలే."

"ఆ ఆదివారమేలే అమ్మీ."

"నీకెట్ల తెలుసు?"

నేను జీపు దగ్గర ఉన్నానని చెప్పాను.

"ఏడాది తర్వాత కాగితం ఇస్తారు" అంది. "ఇచ్చినా ఎక్కను జేజినాయనా. పైన ఉండేటప్పుడు నా కన్ను చూసిందాన్ని నమ్మల్ల, ఏరేదేముండాది నాకు? చూసినానో లేదో నాకే తెలీకపోతే ఎట్ల ఎగరేది?"

ఇంజిను ఆగితే ముక్కు కిందికి వంచిన పిల్ల. కాగితం ఒళ్ళో పెట్టుకుని ఆ ఒక్క టిక్కునీ బొటనవేలితో రుద్దుతూ ఉంది, చెరుపుతున్నట్టు.

అన్నం తినలేదు నేను. నేను తినలేదని ఎవరూ గమనించలేదు, అదొకటి.

28 ఫిబ్రవరి, శుక్రవారం

భూపేష్ పదకొండింటికి వచ్చాడు. షెడ్డులోనే, రేకుల బల్ల మీద కాగితం పరిచాడు. మహేశు, శివపార్వతి, మా ఆవిడ, అందరూ ఉన్నారు. పిల్ల కుడి చేత్తో పెన్ను తీసుకుంది. మూత తీయడానికి ఒక చెయ్యి చాలదు కాబట్టి పళ్ళతో తీసింది.

"ఆ పెన్ను ఆడ పెట్టమ్మీ" అన్నాను. "సారూ, పిల్ల చూసింది. బెజ్జం తెరుచుకోనే ఉండె."

"మీకెలా తెలుసు తాతగారూ?"

"మూసింది నేను గనక."

బయట గ్రైండరు తిరుగుతోంది. దాన్ని ఆపమని మహేశు కేకేశాడు. ఆపారు. ఆపకుండా ఉంటే బాగుండేది.

"ఇంకోసారి చెప్పు నాయనా" అన్నాడు వాడు.

చెప్పాను. పిల్ల తనిఖీ అంతా అయ్యి, టిక్కులన్నీ పెట్టి, హెల్మెట్టు తెచ్చుకోవడానికి జీపు దగ్గరికి పోయింది. వాళ్ళ నాయనతో మాట్లాడుతూ బూట్లు కట్టుకుంటోంది. నేను జీపు దగ్గర లేను. మిడత దగ్గర ఉన్నాను.

"ఇరవై దినాలు గమ్మునుంటివా?" అన్నాడు మహేశు.

"పంతొమ్మిది."

వాడు చెయ్యెత్తబోయి, ఆ చేత్తో తన తలే కొట్టుకున్నాడు. శివపార్వతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ నా ముందుకొచ్చి నిలబడింది. యాభై ఏళ్ళలో ఆవిడ తిట్లన్నీ నాకు కంఠతా వచ్చు, ఇది వాటిల్లో లేదు.

"నేను నా చెయ్యి నరుక్కోవాలని చూస్తాంటి గదయ్యా. పక్కనే కూర్చోని చూస్తాంటివి. నా తరఫున మాట్లాడ్తివి గూడా." అంతే అని పోయి అవతల కూర్చుంది.

నాకు చెప్పుకోవడానికి చాలా ఉండింది. పిల్ల ఆస్పత్రిలో ఉన్నప్పుడు సంగతి నాకు తెలియదు, తెలిసేసరికి పదిరోజులయింది, పదిరోజుల తర్వాత చెప్పడం మొదటిరోజు చెప్పడంలా ఉండదు. ఇంకో రోజు, ఇంకో రోజు అనుకున్నాను. పైగా ఎవరూ నన్ను సూటిగా అడగలేదు. 'ఎవరైనా చూశారా' అన్నారే గానీ 'గిడ్డయ్యా నువ్వు పెట్టావా' అని ఒక్కరూ అడగలేదు. ముసలివాడు ఏం చేస్తాడులే అని. అది కూడా ఒక అవమానమే. ఇవేవీ అనలేదు. అనడానికి నోరు తెరిచాను గానీ పిల్ల ముఖం చూసి మూసుకున్నాను.

పిల్ల నా వంక చూడటం లేదు. బల్ల మీది టిక్కుల కాగితాన్ని చూస్తోంది.

"అయితే నేను చూసినా" అంది.

ఎవరితోనూ కాదు. మళ్ళీ అంది, ఈసారి కొంచెం గట్టిగా. "నేను చూసినా."

తర్వాత పెన్నుకి మూత పెట్టి, ఆఫీసరు రాసి తెచ్చిన కాగితాన్ని వెనక్కి తోసింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పటిదాకా మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ. ఆ టిక్కుల కాగితాన్ని మాత్రం సగానికి మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది.

భూపేష్ చాలాసేపు తల గోక్కున్నాడు. తనిఖీ అయ్యాక విమానం దగ్గరికి ఎవరినీ రానివ్వకూడదని ఒక మాట రాస్తాడట, హెచ్చరిక కింద. ఎగిరే కాగితం మాత్రం పోదు. దానికి నేను జరిగింది జరిగినట్టు నా చేత్తో రాసివ్వాలి. "మీ మనవరాలిని కాపాడ్డానికి చెబుతున్నారేమో అని మా పైవాళ్ళు అడుగుతారు తాతగారూ, అందుకని వివరంగా" అన్నాడు. చూడండి. పంతొమ్మిది రోజులు చెప్పకపోతే ఎవడూ అడగలేదు, చెబితే అనుమానం. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మధ్యలో 'అంత వివరం అవసరం లేదు' అన్నాడు. వివరంగా అన్నది నువ్వే కదా నాయనా అని మొత్తం రాశాను. వాడు తీసుకుపోయింది అసలుది. గుర్తున్నంత వరకు ఇక్కడ ఎక్కిస్తున్నాను:

మైదుకూరు కాపురస్తుడు, చేనేత పనివాడు గిడ్డయ్య రాసి ఇచ్చేది. తొమ్మిదో తేదీ ఆదివారం పొద్దున మా మనవరాలు శివజ్యోతి విమానం అంతా చూసుకుంది. ట్యాంకు మూత బెజ్జం పిన్నీసుతో పొడవడం, ఊదడం నేను పక్కనుండి చూశాను. ఆమె అటు పోయాక పూజ పళ్ళెంలో గంధం మిగిలి ఉంది, నేను తీసుకున్నాను. మూత గుండ్రంగా ఉంది. నా భార్య సుబ్బలక్ష్మమ్మ ముఖం కూడా గుండ్రం. వేలితో రెండు కళ్ళు పెట్టాను. కుంకుమతో నోరు గీశాను, నన్ను తిట్టేటప్పుడు ఎలా వంకర పోతుందో అలా. ముక్కు ఉండాల్సిన చోట బెజ్జం ఉంది. ముక్కుపుడకకి సరిగ్గా కుదిరిందని గంధం ముద్ద అందులో అదిమి, పైన ఎర్రచుక్క పెట్టాను. గట్టిగానే అదిమాను, గాలికి పోకూడదని. కళ్ళూ నోరూ గాలికే చెరిగిపోయాయి, అదొక్కటే నిలిచింది. ఎవరికీ చెప్పలేదు. పిల్ల ఎగిరి దిగాక పిలిచి చూపిస్తే, మీ జేజిని కూడా పైకి తీసుకుపోయి తెచ్చావు చూడు అని చెప్పి నవ్విద్దామనుకున్నాను.